పేరు చెప్పి చనిపోయినా కేసు ఎందుకు వీగిపోతుంది? మరణ వాంగ్మూలం వెనుక ఉన్న లెక్క

నెల్లూరులోనో ఒంగోలులోనో కోర్టు గేటు బయట టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎప్పుడో ఒకసారి చెవిన పడుతుంది. "ఆ బిడ్డ పోతా పోతా మొగుడి పేరు చెప్పింది గదా! మేజిస్ట్రేటు వచ్చి రాసుకున్నాడు గదా! ఇంకేం కావాల? ఎట్టా కొట్టేస్తారు కేసు?" పక్క బెంచీ మీద కూర్చున్న ఇంకొకాయన కథ దీనికి పూర్తిగా ఎదురు. వాళ్ల కేసులో చూసినవాళ్లు ఎవరూ లేరు, ఉన్న సాక్షులంతా అడ్డం తిరిగారు, అయినా ఒక్క కాగితం మీద యావజ్జీవం పడింది. ఇద్దరూ మాట్లాడేది ఒకే రకం కాగితం గురించి. ఒక చోట అది జీవితాంతం జైల్లో పెట్టింది, ఇంకో చోట చిత్తు కాగితం అయిపోయింది.

ఆ తేడా ఎక్కడ వస్తుందో చెప్పాలంటే చట్టంలో 'మరణ వాంగ్మూలం' అన్న మాటకు ఉన్న అర్థం దగ్గర మొదలుపెట్టాలి.

విన్నమాట సాక్ష్యం కాదు, ఒక్క చోట తప్ప

కోర్టులో సాక్ష్యం చెప్పాలంటే మనిషి స్వయంగా బోను ఎక్కాలి, ప్రమాణం చేయాలి, అవతలి లాయరు అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. ఈ మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మనవాళ్లు 'క్రాస్' అనేది దాన్నే. "రాత్రి కదా, లైటు ఉందా? ఎంత దూరంలో ఉన్నావు? ముద్దాయికీ నీకూ పాత గొడవలు లేవా?" అని గుచ్చి గుచ్చి అడిగితేనే మాటలో తాలు ఎంత, గింజ ఎంత అన్నది తేలుతుంది. అందుకే "ఫలానా ఆయన నాతో ఇలా అన్నాడండీ" అంటే కోర్టు మామూలుగా ఒప్పుకోదు. ఆ ఫలానా ఆయన్నే పిలవమంటుంది.

పిలవడానికి ఆ మనిషే లేకపోతే? హత్య కేసులో అసలు సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు చనిపోయినవాడే. అతని మాటను కూడా విన్నమాట అని తోసేస్తే నాలుగు గోడల మధ్య జరిగిన చావులకు సాక్ష్యమే ఉండదు. అందుకని చట్టం ఇక్కడ ఒక మినహాయింపు పెట్టింది. చనిపోయిన వ్యక్తి తన చావుకు కారణం గురించి గానీ, చావుకు దారితీసిన పరిస్థితుల గురించి గానీ అంతకుముందు చెప్పిన మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చు. అదే మరణ వాంగ్మూలం. పోలీసులు, లాయర్లు పొట్టిగా 'డీడీ' అంటారు.

1872 నాటి సాక్ష్య చట్టంలో ఇది 32వ సెక్షన్, మొదటి క్లాజు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 26వ సెక్షన్, మొదటి క్లాజు. అంకె మారింది గానీ సారం అదే. ఆ తేదీకి ముందే కోర్టులో నడుస్తున్న కేసులకు పాత చట్టమే వర్తిస్తుంది కాబట్టి కొన్నేళ్ల పాటు కోర్టు హాల్లో రెండు అంకెలూ వినబడతాయి. కంగారు పడక్కర్లేదు.

జనంలో ఉన్న అతి పెద్ద అపోహ ఏమిటంటే, మేజిస్ట్రేటు రాస్తేనే అది మరణ వాంగ్మూలం అని. కాదు. డాక్టరుతో చెప్పొచ్చు, కానిస్టేబుల్‌తో చెప్పొచ్చు, మంచినీళ్లు పట్టిన పక్కింటావిడతో చెప్పొచ్చు. రాతలోనే ఉండాలని కూడా లేదు. ఆసుపత్రిలో ఎస్సై తీసుకున్న ఫిర్యాదు మీద ఎఫ్ఐఆర్ కట్టాక ఆ ఫిర్యాదిచ్చిన మనిషి ఆ గాయాలతోనే చనిపోతే, ఆ ఫిర్యాదే మరణ వాంగ్మూలం అవుతుంది. చివరికి నోరు కూడా అక్కర్లేదు. 1885లో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో గొంతు కోయడంతో మాట పోయిన ఒక అమ్మాయి, పేర్లు ఒక్కొక్కటిగా చదువుతుంటే చేతి సైగతో నిందితుణ్ని చూపించింది. సైగ కూడా మాట కిందే లెక్క అని ఫుల్ బెంచ్ తేల్చింది.

ఎవరికి చెప్పినా చెల్లుతుంది గానీ, ఏం చెప్పినా చెల్లదు. "నా ఎకరం పొలం చిన్నోడికి ఇయ్యండి" అన్న మాట ఎంత చివరి మాటైనా ఈ సెక్షన్ కింద మరణ వాంగ్మూలం కాదు. అందులో చావుకు కారణం లేదు.

పిఠాపురం నౌకరు భార్యతో చెప్పి వెళ్లిన మాట

చనిపోతున్నానని తెలిసి చెప్పిన మాటే మరణ వాంగ్మూలమా? పేరు వింటే అలాగే అనిపిస్తుంది. ఇంగ్లండులో పాత పద్ధతి అదే. బతుకు మీద ఆశ పూర్తిగా వదులుకున్న స్థితిలో చెప్పి ఉండాలి. మన చట్టం అలా అనలేదు. దీన్ని తేల్చింది మన తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే.

1937 మార్చి. పిఠాపురం దివాన్ దగ్గర అంతకుముందు నౌకరీ చేసిన ఒకాయన, ఆ దివాన్ కూతురికి 3,000 రూపాయలు అప్పిచ్చి ఉన్నాడు. ఆవిడ భర్త పేరు పాకాల నారాయణస్వామి. కాపురం బరంపురంలో. ఒకరోజు నౌకరుకు బరంపురం రమ్మని ఉత్తరం వచ్చింది. "బాకీ తీరుస్తామని రమ్మన్నారు, వెళ్లొస్తా" అని భార్యతో చెప్పి రైలెక్కాడు. రెండ్రోజులకు పూరీ స్టేషన్‌లో, మూడో తరగతి పెట్టెలో, ఒక ఇనప ట్రంకులో ఆయన శవం ముక్కలుగా దొరికింది.

భార్యతో ఆ మాట చెప్పేటప్పటికి ఆయనకు చావు ఊహ కూడా లేదు. డబ్బు తెచ్చుకోవడానికి ఇంటి నుంచి బయల్దేరిన మనిషి. అప్పటికి ఆయన మీద ఎవరూ చెయ్యి కూడా వేయలేదు. ఇది మరణ వాంగ్మూలం ఎలా అవుతుందని నారాయణస్వామి తరఫున వాదించారు. 1939లో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఎక్కడికి వెళ్తున్నాడు, ఎవరు పిలిస్తే వెళ్తున్నాడు అన్నవి చావుకు దారితీసిన పరిస్థితుల్లో భాగమేనంది. అయితే ఒక హద్దు కూడా గీసింది. ఆ మాటకూ చావుకూ దగ్గరి సంబంధం ఉండాలి, ఊరికే అనుమానాలూ భయాలూ చెప్పుకుంటే చాలదు.

ఆ హద్దు ఎక్కడన్నది ఇప్పటికీ కేసు కేసుకూ తేలాల్సిందే. "మా అత్తింట్లో నన్ను బతకనివ్వరమ్మా" అని ఆర్నెల్ల కిందట ఫోన్లో అన్న మాట పనికొస్తుందా? 1984 నాటి శరద్ బిర్ధీచంద్ శారదా కేసులో సుప్రీంకోర్టు దీని మీద చాలా దూరం వెళ్లింది. పుణేలో చనిపోయిన ఒక యువతి అంతకుముందు అక్కకు, స్నేహితురాలికి రాసిన ఉత్తరాలను పరిశీలించింది. చావు హత్యా ఆత్మహత్యా అన్నది తేలకపోయినా ఇలాంటి మాటలను చూడొచ్చంది. చివరికి నేరం రుజువు కాలేదని భర్తను వదిలేసింది కూడా. సాక్ష్యంగా తీసుకోవడం ఒకటి, దాన్ని నమ్మి శిక్ష వేయడం ఇంకొకటి. టీ కొట్టు దగ్గర కలిసిపోయేవి ఈ రెండే.

"చచ్చేవాడు అబద్ధం చెప్పడు" అన్నది ఎంత నిజం?

తులసి తీర్థం పోసే వేళ మనిషి అబద్ధం ఆడడని మన నమ్మకం. పైవాడి ముందు నిలబడబోతూ నోట అబద్ధంతో ఎవరూ వెళ్లరని ఇంగ్లిషువాళ్ల పాత సామెత కూడా. కోర్టులు తీర్పుల్లో దీన్ని తరచూ తలుచుకుంటాయి. నాకైతే ఈ నమ్మకం తలుపు దాకానే తీసుకెళ్తుందనిపిస్తుంది, లోపల జరిగే పరీక్ష వేరు. ఎందుకంటే మరణ వాంగ్మూలం తప్పవడానికి చనిపోయిన మనిషి అబద్ధమే ఆడి ఉండనక్కర్లేదు. చీకట్లో సరిగా చూసి ఉండకపోవచ్చు. పాత పగ వల్ల "ఇంకెవరు చేస్తారు, వాడే" అని ఊహించి ఉండొచ్చు. మత్తు సూది వేసిన అరగంటకు మాట్లాడి ఉండొచ్చు. మంచం పక్కన కూర్చున్న అన్న చెవిలో చెప్పింది తిరిగి చెప్పి ఉండొచ్చు. లేదా తాను సరిగ్గానే చెప్పినా రాసేవాళ్లు వేరే రాసి ఉండొచ్చు. అబద్ధం ఒక్కటే ప్రమాదమైతే ఆ నమ్మకం సరిపోయేది.

అందుకే న్యాయమూర్తుల్లోనే ఒకప్పుడు రెండు అభిప్రాయాలుండేవి. క్రాస్ లేని మాట ఒక్కదాన్నే పట్టుకుని శిక్ష వేయడం క్షేమం కాదని, వేరే ఆధారం తోడుండాలని 1953లో సుప్రీంకోర్టే ఒక కేసులో అంది. 1957లో ఖుషాల్‌రావు కేసు వచ్చింది. నాగపూర్‌లో రెండు వర్గాల గొడవలో కత్తిపోట్లు తిన్న మనిషి డాక్టరుకు, ఎస్సైకి, మేజిస్ట్రేటుకు విడివిడిగా చెప్పిన మాటలే అందులో ప్రధాన సాక్ష్యం. తోడు ఆధారం ఉండి తీరాలన్న కచ్చితమైన నియమం ఏదీ లేదని అప్పుడు తేలింది. కోర్టు మనసుకు పూర్తిగా నమ్మకం కుదిరితే ఒక్క మరణ వాంగ్మూలమే చాలు. కుదరకపోతే తోడు వెతకాలి. ఇప్పటికీ నడుస్తున్న దారి ఇదే.

ముద్దాయి తరఫు లాయర్లు దీన్ని పూర్తిగా ఒప్పుకోరు. వాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. బతికున్న సాక్షిని గంట సేపు ప్రశ్నించే హక్కు ఉన్నప్పుడు, కాగితాన్ని ఏం ప్రశ్నిస్తాం అంటారు. రాసిన మేజిస్ట్రేటును, సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టరును బోనులో అడగొచ్చు గానీ, వాళ్లు సంఘటన చూసినవాళ్లు కారు. ప్రాసిక్యూషన్ జవాబు కూడా బలమైనదే. అర్ధరాత్రి వంటింట్లో తలుపు మూసి తగలబెట్టిన చోట సాక్షి ఎక్కడ దొరుకుతాడు? తోడు సాక్ష్యం తప్పనిసరి అంటే, ఎంత గుట్టుగా చంపితే అంత సులువుగా తప్పించుకోవచ్చని చెప్పినట్టే గదా.

ఆసుపత్రి మంచం దగ్గర ఆ పావుగంట

ఉదయగిరి కొండల కింద ఏదో పల్లెలో ఒకామె కాలిందనుకోండి. 108లో నెల్లూరు పెద్దాసుపత్రికి రావాలంటే దాదాపు 100 కిలోమీటర్లు. క్యాజువాలిటీలో డాక్టరు చూడగానే మెడికో లీగల్ కేసుగా రాసి, ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకు కబురు పంపుతారు. మనిషి బతికేలా లేదనుకుంటే వాంగ్మూలం తీసుకోమని మేజిస్ట్రేటుకు లెటర్ వెళ్తుంది. రాత్రి 2 గంటలకైనా మేజిస్ట్రేటు రావాల్సిందే.

వచ్చాక ఏం చేయాలో మన రాష్ట్రంలో క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ 33వ రూలు చెబుతుంది. ముందు తానెవరో రోగికి చెప్పాలి. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు వేసి తెలివిలో ఉందో లేదో తెలుసుకోవాలి. నీ పేరేమిటి, ఇది ఏ చోటు, మీ ఆయన పేరేమిటి, పిల్లలెంతమంది. ఆ ప్రశ్నలూ జవాబులూ, సైగలు చేస్తే ఆ సైగలూ రాయాలి. వీలైనంతవరకు డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆపైన అసలు సంగతి అడగాలి. రోగి చెప్పింది రోగి మాటల్లోనే రాయాలి. రాసింది చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో వీలైతే తీసుకోవాలి. ఇదంతా జరిగేటప్పుడు పోలీసులూ బంధువులూ గదిలో లేకుండా చూడాలని కోర్టులు ఆశిస్తాయి.

జనం ఆ కాగితంలో ముద్దాయి పేరు ఉన్న చివరి నాలుగు వరుసలు చూస్తారు. అనుభవమున్న లాయరు మొదటి అరపేజీ చూస్తాడు. కేసు ఎక్కువగా అక్కడే నిలుస్తుంది, అక్కడే పడిపోతుంది. ఆ చిన్న ప్రశ్నలు లేకుండా నేరుగా "నిన్ను ఎవరు కాల్చారు?" అని మొదలైతే అవతలివాళ్లకు పండగే. ఆ ప్రశ్నలోనే ఎవరో కాల్చారన్న జవాబు దాగుంది.

కాలిన శాతం ఎక్కువైతే వాంగ్మూలం చెల్లదని కొందరు అనుకుంటారు. అలాంటి నియమం లేదు. ఒళ్లంతా కాలినవాళ్లు కూడా కొన్ని గంటలు స్పష్టంగా మాట్లాడగలరని కోర్టులు ఒప్పుకున్నాయి. కాకపోతే అలాంటి చోట ప్రతి చిన్న విషయం అనుమానానికి తావిస్తుంది. 1998లో పంజాబ్ నుంచి వచ్చిన కేసులో చనిపోయినావిడ రెండు బొటనవేళ్లూ కాలిపోయాయని రికార్డులో ఉంది. కాగితం మీద వేలిముద్రలో మాత్రం గీతలన్నీ చక్కగా కనబడుతున్నాయి. ఆ ఒక్క సంగతితో సుప్రీంకోర్టుకు కాగితం మీద నమ్మకం సడలింది.

"స్పృహలో ఉంది", "తెలివిలో ఉంది" ఒకటేనా?

ఈ ప్రశ్న మీద దేశమంతా మూడేళ్లు అయోమయం నడిచింది. దానికి మూలం కూడా మన రాష్ట్రపు కేసే. 1999లో పాపారంబక రోశమ్మ కేసులో డాక్టరు "వాంగ్మూలం రాసినంతసేపూ రోగి స్పృహలో ఉంది" అని రాశారు. చెప్పేది అర్థం చేసుకునే మానసిక స్థితిలో ఉందని రాయలేదు. స్పృహ వేరు, మనసు నిలకడగా ఉండటం వేరు, రెండోది డాక్టరు రాయకపోతే వాంగ్మూలాన్ని నమ్మలేమని ముగ్గురు న్యాయమూర్తులు అన్నారు. అదే ఏడాది గుజరాత్ కేసులో ఇంకో బెంచ్ దీనికి ఎదురుగా, డాక్టరు మాట ముఖ్యమే గానీ మేజిస్ట్రేటు స్వయంగా చూసి తృప్తి పడితే చాలునంది.

రెండింటిలో ఏది పాటించాలి? 2002లో లక్ష్మణ్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. డాక్టరు సర్టిఫికెట్ జాగ్రత్త కోసమే, అది లేనంత మాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదు. రోగి తెలివిలో ఉందని రాసినవాళ్లు ఎలా తెలుసుకున్నారో కోర్టుకు నమ్మకం కలగాలి, అంతే.

ఈ తీర్పు మీద నాకు రెండు మనసులు. పల్లె నుంచి తెచ్చే దారిలోనే ప్రాణం పోతుంటే డాక్టరు సంతకం లేదని మాటను కొట్టేయడం అన్యాయమే. కానీ ఇప్పుడు బరువంతా రాసినవాళ్ల మీద పడింది. సంఘటన జరిగిన నాలుగైదేళ్లకు బోనెక్కి "ఆరోజు తెలివిలోనే ఉందండీ" అంటే, మధ్యలో ఎన్నో వాంగ్మూలాలు రాసిన మనిషికి ఆ ఒక్క మంచం ఎంతవరకు గుర్తుంటుంది? మళ్లీ ఆ మొదటి అరపేజీ ప్రశ్నలే దిక్కు.

ఏ పెంచలయ్య?

ఒక ఊహా కేసు చూద్దాం. ఆత్మకూరు వైపు ఒక ఊరు. కయ్య గెనెం (పొలం గట్టు) దగ్గర నీళ్ల గొడవ. పొద్దుగూకే వేళ ఒక రైతు కత్తిపోట్లతో పడి ఉన్నాడు. పరిగెత్తుకొచ్చిన తమ్ముడితో "పెంచలయ్య పొడిచాడ్రా" అన్నాడు. దారిలో ప్రాణం పోయింది.

ఇది నోటి మాటగా చెప్పిన మరణ వాంగ్మూలం. చట్టం ప్రకారం చెల్లుతుంది. 1993లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కోడలి హత్య కేసులో, ఆమె ఇరుగుపొరుగుతో చెప్పిన మాటలనే నమ్మి సుప్రీంకోర్టు భర్తకూ అత్తకూ శిక్ష ఖాయం చేసింది. కింది కోర్టు అంతకుముందు వాళ్లను వదిలేస్తే, హైకోర్టు శిక్ష వేసింది.

మన కేసులో మొదటి చిక్కు పేరుతోనే. పెంచలకోన పెనుశిల నరసింహస్వామి పుణ్యమా అని నెల్లూరు పల్లెల్లో పెంచలయ్యలకు కొదవ లేదు. ప్రకాశం వైపు వెళ్తే మాలకొండయ్యలు. ఊళ్లో నలుగురు పెంచలయ్యలుంటే ఏ పెంచలయ్య? అందుకే నిందితుణ్ని గుర్తుపట్టే వివరాలు రాబట్టాలని 33వ రూలు ప్రత్యేకంగా చెబుతుంది. ఇంటిపేరు, తండ్రి పేరు, ఏ వీధి. గెనెం పక్క కయ్య ఉన్నది ఒకే పెంచలయ్యకు, గొడవ అతనితోనే అని ఇతర సాక్ష్యం తేలిస్తే ఈ చిక్కు విడిపోవచ్చు.

రెండో చిక్కు తమ్ముడు. దగ్గరి బంధువన్నంత మాత్రాన కోర్టు నమ్మకుండా పోదు. కానీ ఆ మాట మొదట ఎప్పుడు బయటికి వచ్చింది? ఆ రాత్రే స్టేషన్లో చెప్పి, ఎఫ్ఐఆర్‌లో ఉంటే ఒక లెక్క. నాలుగు రోజుల తర్వాత తమ్ముడు పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో కొత్తగా పుట్టుకొస్తే ఇంకో లెక్క. ఇక పోస్టుమార్టం చేసిన డాక్టరును లాయరు తప్పకుండా అడుగుతాడు: ఈ గాయం తగిలాక మనిషి ఎంతసేపు మాట్లాడగలడు? శ్వాసనాళం తెగి ఉంటే ఆ రెండు ముక్కల మాట కూడా నిలవదు.

మూడోది, సగంలో ఆగిన మాట. "పెంచలయ్యకీ నాకూ పాత..." అని స్పృహ తప్పితే? 1950లో జమైకా నుంచి ప్రీవీ కౌన్సిల్‌కు వెళ్లిన కేసు అచ్చంగా ఇదే. చనిపోతున్న మనిషి నిందితుడికి తన మీద ఎందుకు పగో చెప్పబోతూ వాక్యం మధ్యలో కోమాలోకి వెళ్లిపోయాడు. ఆ వాక్యం పూర్తయి ఉంటే ఏమని ఉండేవాడో మనం ఊహించకూడదంటూ ఆ వాంగ్మూలాన్ని పక్కన పెట్టేశారు. "వాడే పొడిచాడు" అని పూర్తిగా చెప్పాక, మిగతా వివరాలు చెప్పకుండా పోతే అది అసంపూర్ణం కాదు. ఏ విషయం గురించి ఆ మాటను వాడుకోవాలో ఆ విషయం వరకు మాట పూర్తయిందా లేదా అన్నదే చూస్తారు.

ఒకే నోట మూడు మాటలు

కాలిన గాయాల కేసుల్లో అన్నిటికన్నా గట్టి ముడి ఇది. మళ్లీ ఊహా ఉదాహరణే. రాత్రి 10 గంటలకు క్యాజువాలిటీ డాక్టరు అడిగితే "స్టవ్ పేలింది" అంది. అర్ధరాత్రి దాటాక హెడ్ కానిస్టేబుల్‌తో "మా ఆయన కిరసనాయిలు పోసి అంటించాడు" అంది. పొద్దున మేజిస్ట్రేటుతో "మా అత్త పట్టుకుంది, మా ఆయన పోశాడు" అంది. మూడో రోజు పోయింది.

చివరిది మేజిస్ట్రేటు రాసింది కాబట్టి అదే నమ్మాలా? లేక మొదటిది ఎవరూ నేర్పకముందు చెప్పింది కాబట్టి అదే నిజమా? సుప్రీంకోర్టు చెప్పేది ఒకటే. ఒక్కో వాంగ్మూలాన్ని విడిగా తూచాలి. ఇంకొకదానితో పొసగలేదని దేన్నీ ముందే తోసేయకూడదు. ప్రధానమైన విషయంలో అన్నీ కలిస్తే చిన్న తేడాలు పట్టించుకోనక్కర్లేదు.

తూచడం అంటే ఇలా ఉంటుంది. క్యాజువాలిటీకి ఆమెను తీసుకొచ్చింది ఎవరు? మొగుడే తెచ్చి పక్కనే నిలబడి ఉంటే "స్టవ్ పేలింది" అన్న మాటకు విలువ తగ్గుతుంది. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలుంటే, బతికితే మళ్లీ అదే గడపలోకి వెళ్లాలనుకుంటే, ఏ ఆడమనిషైనా మొదట ఏం చెబుతుంది? రెండోసారికి పుట్టింటివాళ్లు వచ్చారు. వాళ్లొచ్చాక ధైర్యం వచ్చి నిజం చెప్పిందా, వాళ్లు చెప్పించారా? ఇక్కడ ఒకే సంఘటన రెండు వైపులా లాగుతుంది. అందుకే జడ్జి నోటి మాట వదిలి వస్తువుల దగ్గరకు వస్తాడు. స్టవ్ ఏ స్థితిలో దొరికింది? కిరసనాయిలు వాసన జుట్టు మీద ఉందా? మొగుడి చేతులు కాలాయా, కాలితే ఆర్పబోయి కాలాయా? అత్త పేరు మూడోసారే ఎందుకు వచ్చింది? బహుశా ఇలాంటి కేసులో మొగుడికి శిక్ష పడి అత్త బయటపడుతుంది. వాంగ్మూలంలో నమ్మదగ్గ భాగాన్ని విడదీసి వాడుకోవచ్చని కోర్టులు ఒప్పుకుంటాయి, రెండు భాగాలూ విడదీయరానంతగా పెనవేసుకుని ఉంటే తప్ప. ఇంకో జడ్జి ఆమె మూడు మాటలనూ అనుమానించి ఇద్దర్నీ వదిలేసినా ఆశ్చర్యం లేదు.

2012 డిసెంబరు నాటి ఢిల్లీ నిర్భయ కేసులో వాంగ్మూలాలు మూడు. మొదటిది ఆ రాత్రి డాక్టరుకు చెప్పింది, రెండోది ఎస్‌డీఎం (సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు) రాసింది, మూడోది మేజిస్ట్రేటు ముందు ప్రశ్నలకు సైగలతోనూ రాతతోనూ ఇచ్చింది. మొదటిదానిలో వివరాలు తక్కువ. ఆ గాయాలతో, ఆ దిగ్భ్రాంతిలో ఉన్న మనిషి మొదట అన్నీ చెప్పలేకపోవడం సహజమేనని 2017లో సుప్రీంకోర్టు మూడింటినీ నమ్మింది. అక్కడ వైద్యసాక్ష్యం, డీఎన్ఏ వగైరా తోడున్నాయి. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇర్ఫాన్ కేసులో ఇందుకు విరుద్ధం జరిగింది. ఇంటికి నిప్పుపెట్టి ముగ్గుర్ని చంపాడన్న అభియోగంపై కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. ఆ శిక్ష ప్రధానంగా రెండు మరణ వాంగ్మూలాల మీదే నిలబడింది. వాటికీ మిగతా సాక్ష్యానికీ పొంతన లేదని సుప్రీంకోర్టు అతన్ని విడుదల చేసింది.

ఆమె యాస, గుమస్తా భాష

చెప్పినవాళ్ల మాటల్లోనే రాయాలన్న నియమం చూడటానికి చిన్నది. నిజానికి కాగితం అసలుదా నకిలీదా అన్నది సగం అక్కడే తెలిసిపోతుంది. బడి మొహం చూడని ఒక కూలీ మనిషి "మా ఆయన తాగొచ్చి నూనె బోసి అగ్గి గీసినాడు సార్, నేను వొద్దొద్దని మొత్తుకున్నా" అంటుంది. కాగితం మీద "సదరు నా భర్త మద్యం సేవించి వచ్చి నన్ను చంపవలెనను ఉద్దేశముతో" అని ఉంటే? ఆ భాష ఆమెది కాదు. 'ఉద్దేశముతో' అన్న మాట శిక్షాస్మృతి నుంచి దిగింది. రాసినవాళ్లు మోసం చేశారనే కాదు, అలవాటు కొద్దీ పోలీస్ స్టేషన్ తెలుగులోకి మార్చి ఉండొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని లాయరు అరగంట లాగుతాడు.

భాషే మారిపోయే సందర్భాలు కూడా మన వైపు ఉన్నాయి. నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి బాగా కాలినవాళ్లను చెన్నై తీసుకెళ్తారు. కీల్పాక్ ప్రభుత్వాసుపత్రిలో కాలిన గాయాల వార్డు ఉంది. అక్కడ వచ్చే మేజిస్ట్రేటుది తమిళం, మంచం మీద మనిషిది తెలుగు. మధ్యలో ఒక నర్సో ఇంకెవరో అటూ ఇటూ చెప్పాలి. అంతమాత్రాన వాంగ్మూలం చెల్లకుండా పోదు. కాకపోతే ఆ మధ్య మనిషి ఎవరు, రెండు భాషలూ ఎంతవరకు వచ్చు, అతన్ని సాక్షిగా పిలిచారా అన్న ప్రశ్నలు కొత్తగా మొదలవుతాయి.

ఇప్పుడు మధ్యలో సెల్‌ఫోను కూడా దూరింది. అంబులెన్సులోనే బంధువులు వీడియో తీసేస్తున్నారు. యాస, గొంతు, ముఖం అన్నీ దొరుకుతాయి కాబట్టి రాత కన్నా మేలే. అయితే ఎలక్ట్రానిక్ రికార్డుకు కొత్త చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. తీసిన ఫోను, ముక్కలు చేయని అసలు ఫైలు ఉంటే మంచిది. పైగా కెమెరా వెనక నుంచి వినబడే గొంతు కూడా సాక్ష్యమే. "చెప్పమ్మా, మీ అత్త కూడా ఉంది గదా, చెప్పు" అని ఎవరో అందించిన మాట వినబడితే ఆ వీడియో ఎవరికి ఉపయోగపడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె బతికితే?

వాంగ్మూలం ఇచ్చిన మనిషి కోలుకుని ఇంటికొస్తే ఆ కాగితం ఇక మరణ వాంగ్మూలం కాదు. చావు లేదు కాబట్టి ఆ సెక్షనే వర్తించదు. అలాగని చెత్తబుట్టలోకీ పోదు. మేజిస్ట్రేటు రాసినదైతే, ఆమె కోర్టులో చెప్పే సాక్ష్యాన్ని బలపరచడానికో, కాదనడానికో పనికొచ్చే పాత మాటగా మిగులుతుంది. పోలీసులు రాసుకున్నదైతే విలువ ఇంకా తక్కువ. అసలు సాక్ష్యం ఇక ఆమె నోటి నుంచే రావాలి, ఈసారి క్రాస్‌తో సహా.

ఈ మధ్యలో రెండు మూడేళ్లు గడిచి ఉంటాయి. ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఉంటారు. పిల్లలు బళ్లో చేరి ఉంటారు. ఆరోజు వచ్చేటప్పటికి ఆమె బోనెక్కి, చీర కొంగు మెడ మీది మచ్చల మీదకు లాక్కుని "స్టవ్ పేలింది సార్" అంటుంది. పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) లేచి, సాక్షి ప్రతికూలంగా మారిందని ప్రకటించమని కోర్టును కోరతాడు. ఆసుపత్రి కాగితం చూపించి, ఇది నీ వేలిముద్రేనా అని అడుగుతాడు. ఆమె అవునంటుంది. అందులో ఉన్నది నువ్వు చెప్పిందేనా అంటే, అప్పుడు నాకు తెలివి లేదు సార్ అంటుంది.

అదే కాగితం, అదే అరపేజీ ప్రశ్నలు. ఆమె పోయి ఉంటే ఆ కాగితం ఒక్కటే అతన్ని యావజ్జీవం జైలుకు పంపగలిగేది.